జీపు దిగబడితేనే గొంతు

జువ్వలదిన్నెలో బాగా పాడే మనిషి ఎవరంటే అందరూ సామ్రాజ్యం పేరే చెప్పేవారు. వలలు ఆరబెడుతూ ఆమె పాట ఎత్తుకుంటే, చేపలు కొనడానికి వచ్చినవాళ్లు బేరం మరిచిపోయి నిలబడేవారు. ఆమె భర్తకు అక్క పేరమ్మ. ఆమెది మరో రకం గొంతు. ఒడ్డున నిలబడి కేకేస్తే సముద్రంలో తెప్పల మీదున్నవాళ్లు ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసేవారు. పాట మాత్రం ఒక్క ముక్క రాదు.

అరవై రెండులో రేడియో వాళ్లు పల్లెపాటలు పట్టుకోవడానికి వచ్చారు. కావలిలో బాడుగకు తీసుకున్న జీపు, దాన్ని నడిపే సైదావలి, కళ్లజోడు పెట్టుకున్న ఒక ఆఫీసరు, ఆయన ఒళ్లో పసిబిడ్డలా రికార్డింగు మిషను. సామ్రాజ్యం ఉతికిన చీర కట్టుకుని ఒడ్డున నిలబడి ఐదు పాటలు పాడింది. ఆఫీసరు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

"ఇంత గొంతు పెట్టుకుని ఇక్కడ చేపలు ఎండబెడుతున్నావా తల్లీ? చూస్తూ ఉండు, నీ పేరు రాష్ట్రమంతా వినిపిస్తాను" అన్నాడు.

తిరిగి వెళ్లేటప్పుడు జీపు ఇసుకలో దిగబడింది. ఊళ్లో మగవాళ్లంతా వచ్చి తోసినా కదల్లేదు. అది చూసి పేరమ్మకు ఒళ్లు మండింది. జీపు పక్కకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఒరే, కూడు తిన్నారా, గాలి తిన్నారా? హైలెస్సా! ఆ వెనకాలోడా, నీయి చేతులా చీపురుపుల్లలా? హైలెస్సా! నా కూతురి పెళ్లిలో అంత తింటివే, అదంతా ఏడబోయిందిరా? హైలెస్సా!"

జీపు బయటపడింది. లోపల మిషను తిరుగుతూనే ఉన్న సంగతి ఎవరూ గమనించలేదు.

స్టేషనుకు పోయి విని చూస్తే, ఒడ్డున పట్టిన ఐదు పాటల్లోనూ గాలి హోరు తప్ప ఏమీ లేదు. జీపు లోపల, గాలి తగలని చోట పడిన పేరమ్మ గొంతు మాత్రం గంట కొట్టినట్టుంది. కార్యక్రమం టైము దగ్గరపడింది. ఆఫీసరు దాన్నే వేశాడు. పంచాయతీ రేడియో ముందు కూర్చున్న ఊరంతా "గాయని పేరమ్మ" అన్న మాట విని నోరు తెరిచింది. సామ్రాజ్యం లేచి ఇంటికి వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా ఉత్తరాలు మొదలయ్యాయి. కావలిలో ఒక యువజన సంఘం వార్షికోత్సవానికి పిలిచింది. ఒంటరిగా పోలేక పేరమ్మ మరదల్ని వెంట తీసుకెళ్లింది. మైకు ముందు నిలబడి నోరు తెరిచి, మళ్లీ మూసేసింది.

"ఏందమ్మా, పాడవా?" అన్నాడు కార్యదర్శి.

"తొయ్యాల్సిందేదీ లేకుండా ఎట్ట అరిచేదయ్యా? నాకేమన్నా పిచ్చా?"

ఆ మాటలో న్యాయం ఉందని అందరికీ తోచింది. నాలుగు బండ్ల ఇసుక తోలించి, సైదావలిని పిలిపించి, వేదిక పక్కనే జీపు దిగబెట్టించారు. పేరమ్మ అరిచింది, జనం ఊగిపోయారు.

అప్పటి నుంచి అదే పద్ధతి. పిలిచేవాళ్లు ఇసుక సిద్ధం చేసుకోవాలి. సైదావలి ముందే వచ్చి, ఆ ఇసుకను గుప్పెట్లోకి తీసుకుని జార్చి చూసి, "ముందు చక్రాలా, వెనక చక్రాలా?" అని మర్యాదగా అడిగేవాడు. నెల్లూరులో ఒక సంగీత విద్వాంసుడు ఆమె తాళం ఎక్కడా తప్పలేదని పత్రికలో రాశాడు. సామ్రాజ్యం నాలుగేళ్లపాటు జీపు వెనక ఎడమ మూల పట్టుకుని "హైలెస్సా" అంటూ తోసింది.

అరవై ఆరులో కొడవలూరులో సభ. ముందురోజు వాన పడి ఇసుక గట్టిపడింది. సైదావలి ఎంత తిప్పినా జీపు తారురోడ్డు మీద నడిచినట్టు నడిచింది. పేరమ్మ చెమటలు తుడుచుకుంటూ నిలబడింది. జనం గొణగడం మొదలుపెట్టారు.

"అక్కా, ఒక అర్ధగంట ఆపు. పార తెచ్చి కింద గుల్ల చేస్తా" అన్నాడు సైదావలి.

సామ్రాజ్యం జీపు వెనక నుంచి వచ్చి మైకు ముందు నిలబడింది. వేటకు పోయిన తెప్ప కోసం ఒడ్డున కాచుకునే పాట ఎత్తుకుంది. సభ అంతా నిశ్శబ్దమైంది. పాట అయిపోయాక ముందు వరసలో ఒక ఆసామి లేచి చేతులు జోడించాడు.

"బాగా పాడినావమ్మా. కడుపు నిండినట్టుండాది. ఇంతకీ జీపు దిగబడిందా?"

"దిగబడింది!" అని అరిచాడు సైదావలి. చప్పట్లతో పందిరి అదిరిపోయింది.

సాయంత్రం జీపులో ఊరికి తిరిగి వస్తుంటే పేరమ్మ మరదలి వైపు తిరిగింది. 

"నిజం చెప్పు సామ్రాజ్యం. నేను పాడతానా?"

"లేదొదినా."

"మరి నిన్ను కాకుండా నన్నెందుకు పిలస్తా ఉండారు?"

"ఆరోజు గాలి నా పక్క ఉండాది. మిషను నీ పక్క ఉండాది."

"అయితే నా తప్పేం లేదు గదా?"

"లేదు."

"నీ తప్పు?"

"నాదీ లేదు."

"మరి నాలుగేళ్లుగా నీ కడుపులో ఉండే కోపం ఎవురి మీద పెట్టుకుంటావమే?"

"జీపు మీద పెట్టుకుందామంటే, దాంట్లోనే గదా పోతా ఉండాం" అంది సామ్రాజ్యం.

"నన్నేమీ అనబాకండక్కా" అన్నాడు సైదావలి, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

పేరమ్మ నవ్వింది, తర్వాత కళ్లు ఒత్తుకుంది. ఊరు చేరేలోపు సైదావలికి ఒక పని ఒప్పజెప్పింది. ఇక మీదట జీపు తొందరగా దిగబడకూడదు.

మొదట్లో పది నిమిషాలు పట్టేది, తర్వాత అరగంట. ఇసుక మంచిది కాదని సైదావలి చక్రాల చుట్టూ తిరిగి తల పంకించేవాడు. అందాకా సామ్రాజ్యం పాడేది. నిర్వాహకులు కరపత్రంలో పేరమ్మ పేరు పెద్దగా వేసి, కింద చిన్న అక్షరాలతో "జీపు దిగబడే వరకు సామ్రాజ్యం" అని అచ్చువేయడం మొదలుపెట్టారు.

ఆ మరుసటి ఏడు ఇందుకూరుపేటలో సామ్రాజ్యం గంటంపావు పాడింది. ఆ తర్వాత జీపు దిగబడింది, పేరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. అప్పుడు జనంలోంచి పదకొండు మంది లేచి, సామ్రాజ్యం వైపు చేతులు జోడించి, ఇళ్లకు వెళ్లిపోయారు. సామ్రాజ్యం జీపు తోస్తూనే వాళ్లను ఒక్కొక్కరినే లెక్కపెట్టుకుంది.