తరగతిలో ప్రార్థన మనవి

హంసికను నేను తెర మీద తప్ప చూడలేదు. ఆగస్టు నుంచి ఆమె నా దగ్గర బోధన నేర్చుకుంటోంది. షామ్‌బర్గ్ వైపు ఒక మిడిల్ స్కూల్లో, ఈ దేశానికి వలస వచ్చిన, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడని పిల్లలకు నేను ఇంగ్లీషు చెప్తాను. ఆ పని చేయడానికి లైసెన్సు కావాలంటే ముందు ఒక సెమిస్టరు పాటు నాలాంటి పాత టీచరు పక్కన నిలబడి నేర్చుకోవాలి. కోవిడ్ వల్ల స్కూళ్ళు మూసేసిన ఆ సంవత్సరం నిలబడటానికి గది లేదు. నేను నేపర్‌విల్‌లో మా వంటింటి బల్ల దగ్గర కూర్చునేదాన్ని. హంసిక తన తల్లిదండ్రుల ఇంట్లో, చిన్నప్పటి బొమ్మలు ఇంకా అలమారలో ఉన్న గదిలో కూర్చునేది. పిల్లలు ఎక్కడున్నారో వాళ్ళ కెమెరాలు ఆన్ చేస్తేనే తెలిసేది. వాళ్ళు చేసేవాళ్ళు కారు.

సెమిస్టరు చివర హంసిక తన విశ్వవిద్యాలయానికి ఒక పాఠం రికార్డింగ్ పంపాలి. మొదటి నుంచి చివరి దాకా కోత లేకుండా ఉండాలి. పిల్లల్లో ఒక్కరైనా ముఖం కనిపించేలా, తమంతట తాము మాట్లాడాలి. పాత టీచరు గొంతు మాత్రం అందులో వినపడకూడదు. వినపడితే అది నేర్చుకునే మనిషి పాఠం కాదని రికార్డింగును పక్కన పెట్టేస్తారు. ఆ ఏడాది ఒకసారి తప్పితే మళ్ళీ వసంతంలోనే అవకాశం. మా స్కూల్లో జనవరిలో ఒక ఖాళీ ఉంది. లైసెన్సు చేతికొస్తే ఆ ఉద్యోగం హంసికదేనని ప్రిన్సిపాల్ చెప్పారు.

అప్పటికి ఆమె రికార్డు చేసిన పాఠాలన్నింటిలోనూ ఆమె ఒక్కతే మాట్లాడింది. పిల్లల కెమెరాలు ఆపి ఉన్న నల్లటి గడుల ముందు నవ్వుతూ ప్రశ్నలడిగి, తనే ఆగి, తనే జవాబు చెప్పుకునేది. గడువు ఒక శుక్రవారం రాత్రితో ముగుస్తుంది. మిగిలింది ఆ శుక్రవారం ఉదయం తరగతి ఒకటే.

తరగతికి ముందు ఇద్దరమే ఉన్నప్పుడు హంసిక అంది:

“ఆంటీ, ఈరోజు ఎవరూ మాట్లాడకపోతే నేను మా డాగ్‌ని కూర్చోబెడతాను. వాడు కెమెరా అంటే చాలా ఇష్టపడ్తాడు.”

“వాడికి ఇంగ్లీషు వచ్చా?”

“నా తెలుగు కన్నా బెటర్. నిన్న నానమ్మకి ఫోన్ చేసి ‘నువ్వు తిన్నాడా’ అన్నా. ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది.”

నేను కూడా నవ్వాను. ఆ పిల్లతో మాట్లాడేటప్పుడు నవ్వు వచ్చేది. ఆ రోజుల్లో ఇంకెక్కడా వచ్చేది కాదు.

“పర్సిస్ మీద హోప్ ఉంది ఆంటీ,” అంది మళ్ళీ. “నిన్న చాట్‌లో నాకు హార్ట్ పెట్టింది. షీ ఈజ్ సో క్లోజ్ టు టాకింగ్.”

పర్సిస్‌కు పదకొండేళ్ళు. జనవరిలో తాడేపల్లిగూడెం నుంచి వచ్చింది. తల్లి ప్రిస్సిల్లా నర్సు. ఆమె ఉద్యోగం మీదే ఆ కుటుంబం ఈ దేశం చేరింది. తండ్రి షాలేం రాజు ఇంకా పని వెతుక్కుంటున్నాడు. వాళ్ళు మా తెలుగు క్రైస్తవ సంఘానికే వస్తారు. అక్కడ పిల్లల సండే స్కూల్ నాదే. అదీ మార్చి నుంచి జూమ్‌లోనే. వారంలో ఐదు రోజులు స్కూలు, ఆదివారం సండే స్కూల్, రెండింటికీ పర్సిస్ అదే లాప్‌టాప్ ముందు, అదే కుర్చీలో కూర్చునేది. రెండు చోట్లా నేనుండేదాన్ని.

సండే స్కూల్ చివర ఒక అలవాటుంది. ‘ఎవరికైనా మనవులున్నాయా?’ అని అడుగుతాం. పిల్లలు చేయెత్తి, కెమెరా ఆన్ చేసి, వందనాలు చెప్పి, తమ ప్రార్థన మనవి చెప్తారు. చెప్పాక కళ్ళు మూసుకుంటారు. పెద్దవాళ్ళొకరు ప్రార్థన చేస్తారు. ఏప్రిల్ దాకా ఆ ప్రార్థన నేనే చేసేదాన్ని.

ఏప్రిల్‌లో మా ఆయన జోసఫ్ పోయారు. ఒక నర్సు పట్టుకున్న ఫోన్‌లో ఆయన్ని చివరిసారి చూశాను. భూస్థాపన కార్యక్రమం జూమ్‌లో జరిగింది. అందరూ ఆమెన్ అన్నప్పుడు అది ఒకేసారి వినపడలేదు. ఒకరి తర్వాత ఒకరిది, చాలాసేపు వచ్చింది. ఆ తర్వాత సండే స్కూల్లో నేను కథ చెప్పి, ప్రార్థన షాలేం రాజుకు వదిలేసేదాన్ని. ఎందుకని ఆయన అడగలేదు.

ఆ శుక్రవారం హంసిక పాఠం ‘మా ఇంట్లో ఒక మనిషి’. రికార్డింగ్ మొదలైందని ఎర్ర చుక్క వెలిగింది. నేను నా మైకు ఆపుకుని కూర్చున్నాను. హంసిక తన తాతగారి గురించి చెప్పింది. ఆయన టీ సాసర్‌లో పోసుకుని తాగుతారని చెప్పి, సాసర్ చూపించి, తనూ తాగి చూపించింది. పాఠం బాగుంది. గదిలో జరిగుంటే పిల్లలు నవ్వి ఉండేవాళ్ళు. ఇక్కడ నల్ల గడులు అలాగే ఉన్నాయి.

“మీ ఇంట్లో ఎవరి గురించైనా చెప్పాలని ఎవరికైనా ఉందా?” అని ఇంగ్లీషులో అడిగింది. “ఏ భాషలో మొదలుపెట్టినా సరే. మేం వింటాం.”

అడిగి ఆగింది. ప్రశ్న వేశాక తొందరపడి మాట్లాడకూడదని ఆమెకు నేర్పింది నేనే. ఆమె పెదాలు బిగబట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆగింది.

పర్సిస్ చేయెత్తింది. కెమెరా ఆన్ అయింది.

తల దువ్వుకోలేదు. రాత్రి బట్టలే వేసుకుంది. ముఖం మాత్రం కడుక్కున్నట్టుంది, నుదుటి దగ్గర జుట్టు తడిగా ఉంది. హంసిక ముఖం ఒక్కసారిగా వెలిగింది.

“అందరికీ వందనాలండి,” అంది పర్సిస్, సండే స్కూల్లో చెప్పినట్టే. “మా అమ్మకి ఒంట్లో బాగోట్లేదండి. ఆయాసం ఎక్కువైపోయింది. పొద్దున్నే తీసుకెళ్ళిపోయారండి. నాన్న కూడా ఎళ్ళాడు. అమ్మకి స్వస్థత కలగాలని అందరూ ప్రార్థన చేయండి.”

చెప్పి, చేతులు జోడించి, కళ్ళు మూసుకుంది.

ఆ యాసలో, ఆ వేగంలో హంసికకు ‘అమ్మ’ అన్న మాట ఒక్కటే అందింది. వాళ్ళమ్మ గురించి చెప్పి చివర దణ్ణం పెట్టిందనుకుంది. “ఆసమ్ జాబ్, పర్సిస్!” అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పిల్ల మాట్లాడినందుకు వచ్చిన నీళ్ళవి. “షీ టోల్డ్ అస్ అబౌట్ హర్ మదర్. లెట్స్ గివ్ హర్ సమ్ లవ్!”

గడుల్లోంచి చప్పట్ల బొమ్మలు పైకి లేచాయి. పసుపు చేతులు, ఎర్ర గుండెలు. పోలండ్ నుంచి వచ్చిన ఒక పిల్ల కెమెరా ఆన్ చేసి నిజంగానే చప్పట్లు కొట్టింది. వాటి మధ్య పర్సిస్ కళ్ళు మూసుకునే ఉంది. ఎవరో ఒకరు ప్రార్థన మొదలుపెడతారని కాచుకుంది.

“పర్సిస్, కెన్ యూ టెల్ అస్ ఒన్ థింగ్ ఇన్ ఇంగ్లీష్? ఏదైనా ఒక్కటి?”

పర్సిస్ కదల్లేదు. హంసిక మళ్ళీ ఆగింది, నేను నేర్పినట్టే. ఆ పిల్ల కళ్ళు ఇంకా గట్టిగా మూసుకుంది.

రికార్డింగ్‌కు కావలసినవన్నీ వచ్చేశాయి. ముఖం కనిపించింది, పిల్ల తనంతట తాను మాట్లాడింది. ఇంకాస్త సేపు నేను ఊరుకుంటే చాలు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. అయినా చేయి మైకు మీదికి వెళ్ళింది.

“పర్సిస్,” అన్నాను. “కళ్ళు తెరువమ్మా.”

హంసిక ఉలిక్కిపడి నా గడి వైపు చూసింది.

పర్సిస్ కళ్ళు తెరిచి వెతుక్కుంది. నా ముఖం లేదు, పేరు మాత్రమే ఉంది. నేను కెమెరా ఆన్ చేశాను.

“ప్రార్థన చేయరా ఆంటీ?”

“ఇది స్కూలమ్మా. స్కూల్లో చేయకూడదు.”

నిజమే, చేయకూడదు. ఈ దేశంలో ప్రభుత్వ పాఠశాలలో టీచరు పిల్లల చేత ప్రార్థన చేయించడానికి వీల్లేదు. చేయకూడదనే రూలు లేకపోయినా నేను చేయగలిగేదాన్ని కాదన్నది ఆ పిల్లకు చెప్పలేను.

“సరేనండి,” అంది. కెమెరా ఆపేసింది.

హంసిక పాఠం ఎలాగో ముగించింది. పిల్లలందరూ వెళ్ళిపోయాక ఇద్దరం మిగిలాం. ఎర్ర చుక్క ఇంకా వెలుగుతూనే ఉంది. ఆపడం ఇద్దరం మర్చిపోయాం.

“ఆంటీ, మీరు ఒక్క రెండు నిమిషాలు ఆగి ఉంటే…” అంది. “ఐ హ్యాడ్ ఇట్. షీ వాజ్ టాకింగ్. ఎందుకు అలా చేశారు?”

పర్సిస్ ఏం చెప్పిందో ఒక్కో వాక్యం చెప్పాను. మధ్యలోనే రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

“నేను ఆసమ్ జాబ్ అన్నాను,” అంది చేతుల వెనక నుంచి. “వాళ్ళమ్మకి ఊపిరి ఆడట్లేదు అంటే నేను చప్పట్లు కొట్టించాను.”

“నీకు తెలియదు కదా.”

“తెలియాలి కదా ఆంటీ. నేను తెలుగు అమ్మాయినే కదా.”

ఉద్యోగం సంగతి ఇద్దరం ఎత్తలేదు.

షాలేం రాజుకు ఫోన్ చేశాను. వెంటనే ఎత్తాడు.

“వందనాలక్కా. పాప క్లాసులో ఏమన్నా అల్లరి చేసిందా?”

“లేదు. ప్రిస్సిల్లా ఎలా ఉంది?”

“తెలీదక్కా. ఆస్పత్రి లోపలికి రానివ్వట్లేదు. బయట కార్లో కూర్చున్నా. ఇక్కణ్ణుంచి కిటికీలు కనపడతన్నాయి. ఏది ఆవిడదో తెలీట్లేదు. ఏదో ఒకటి చూసుకుంటా కూర్చున్నా.”

“పాప దగ్గర ఎవరున్నారు?”

“క్లాసుంది కదక్కా,” అన్నాడు. “మీరున్నారు కదా. టీచర్ గారు చూసుకుంటారు, కదలకుండా కూర్చోమని చెప్పి వచ్చేశా.”

అతనికి అది నిర్లక్ష్యం కాదు. పిల్లను స్కూలుకు పంపినట్టే అనుకున్నాడు. స్కూల్లో టీచరు ఉంది, ఆ టీచరు సంఘంలో మనిషి. ఇంతకంటే క్షేమమైన చోటు ఏముంటుంది? నేను అక్కడికి ఇంత దూరంలో, వంటింట్లో ఉన్నాను.

“నేను బయల్దేరి వస్తాను,” అన్నాను.

“వద్దక్కా. నాకూ పాపకూ టెస్టు రిజల్టు రాలేదింకా. మీకేమన్నా అయితే, ఇప్పటికే అన్నయ్య…” అని ఆగిపోయాడు. “క్షమించండక్కా.”

“పరవాలేదు. పక్కింటివాళ్ళు?”

“ఏమని పిలుస్తామక్కా? రమ్మంటే మాత్రం ఎవరొస్తారు? మా ఇంటికి రావద్దనే చెప్పాలి.”

అతను చెప్పినదానిలో తప్పేమీ లేదు. తాళం వేసి ఉన్న ఆ ఇంట్లో పదకొండేళ్ళ పిల్ల ఒంటరిగా ఉంది. మా అందరికీ ఆ సంగతి తెలుసు. వెళ్ళగలిగినవాళ్ళెవరూ లేరు.

“తరగతి మళ్ళీ తెరుస్తాను,” అన్నాను. “మీరు వచ్చేదాకా తెరిచే ఉంచుతాను. పాపకు ఫోన్ చేసి చేరమనండి.”

పర్సిస్ చేరేలా అదే లింకు మళ్ళీ తెరిచాను. హంసిక ఇంకా వెళ్ళలేదు. కాసేపటికి పర్సిస్ వచ్చింది. చేతిలో కార్న్‌ఫ్లేక్స్ గిన్నె ఉంది. పాలు అయిపోయాయట, ఉత్తవే తింటోంది.

“హాయ్ పర్సిస్,” అంది హంసిక. ముక్కు ఎర్రగా ఉంది. “నువ్వు తిన్నాడా?”

పర్సిస్ నమలడం ఆపింది. “తిన్నావా అనాలి మేడమ్.”

“తిన్నావా?”

“తింటన్నా.”

తర్వాత ఆ ఇద్దరూ ఏవో మాట్లాడుకున్నారు. హంసిక కుక్కను ఎత్తి చూపించింది. పర్సిస్ కాస్త నవ్వింది. నేను వాళ్ళను చూస్తూ కూర్చున్నాను. చూడటం తప్ప నాకు చేయడానికేమీ లేదు. ఆ పిల్ల దగ్గుతుందేమోనని వింటూ ఉన్నాను. దగ్గితే ఏం చేస్తానో ఆలోచించుకోలేదు.

గిన్నె ఖాళీ అయ్యాక పర్సిస్ దాన్ని పక్కన పెట్టి అడిగింది.

“ఆంటీ, స్కూలు అయిపోయింది కదా?”

“అయిపోయిందమ్మా.”

“అయితే ఇప్పుడు చేయొచ్చా?”

హంసిక నా వైపు చూసింది. ఆమె కూడా మెల్లగా చేతులు జోడించింది, ఎలా జోడించాలో తెలియనట్టు ఒకసారి పర్సిస్‌ను చూసి.

పర్సిస్ కళ్ళు మూసుకుంది. నేనూ మూసుకున్నాను.

“ప్రభువా,” అన్నాను.

తర్వాతి మాట రాలేదు. ఆ మాటలన్నీ నాకు కంఠస్థమే. ఏళ్ళ తరబడి పిల్లల జ్వరాలకూ పరీక్షలకూ వీసాలకూ చెప్పినవే. ఏప్రిల్‌లో కూడా అవే చెప్పాను, అన్నీ, ఒకటి కూడా వదలకుండా. ఇప్పుడు మళ్ళీ వాటిని నోట్లోకి తెచ్చుకోబోయాను. రాలేదు. ఫ్రిజ్ చప్పుడు వినపడుతోంది. హంసిక ఇంట్లో ఎక్కడో తలుపు వేసిన చప్పుడయింది.

“ఆంటీ,” అంది పర్సిస్, కళ్ళు తెరవకుండానే. “మీ నెట్ ఆగిపోయిందా?”

“లేదమ్మా. ఉన్నాను.”

“ప్రభువా అన్నాక ఏమీ వినపళ్ళేదండి,” అంది. “మళ్ళీ మొదట్నుంచి చెప్పండి.”