తేలిక బండి, పడమటి గాలి

బరువున్న సైకిలే నిలుస్తుందనీ, తేలికది గాలికి కొట్టుకుపోతుందనీ డెల్టాలో తొక్కినవాళ్ళూ తొక్కనివాళ్ళూ కూడా నమ్మేవారు. సూరయ్య నమ్మకం వీళ్ళందరికంటే ఒక మెట్టు పైన ఉండేది. ఆయన కొల్లేట్లో ముప్పై ఏళ్ళు దోనె నడిపినవాడు. ఖాళీ దోనె ఊగుతుందనీ, అడుగున నాలుగు గంపల ఇసుక పోస్తే కుదురుకుంటుందనీ ఎవరూ చెప్పకుండానే చేతులతో తెలుసుకున్నవాడు. నీళ్ళ మీద నిజమైనది నేల మీద అబద్ధం ఎలా అవుతుందన్నది ఆయన వాదం.

ఈ వాదాన్ని తీరిగ్గా వినే వ్యవధి ఆయన కూతురు పద్మశ్రీకి లేదు. ఆమె నలభై మూడేళ్ళ లెక్కల టీచరు. గుణదలలో ఇల్లు, ఏలూరు కాలువ గట్టు వెంట ఆరు కిలోమీటర్ల అవతల బడి. గట్టు మీద బస్సు తిరగదు. ఆటో పదిమంది నిండితేగాని కదలదు. కిందటి ఏడు రెండుసార్లు ప్రార్థన గంట దాటాక చేరినందుకు రెండు మెమోలు అందుకుంది. మూడోది వస్తే పదో తరగతిని ఆమె చేతిలోంచి తీసి ఇంకొకరికి ఇస్తానని హెడ్మాస్టరు సంజీవరావు మర్యాదగానే చెప్పాడు. ఆమె పన్నెండేళ్ళుగా పదో తరగతికి లెక్కలు చెబుతున్న మనిషి. అందుకే 2009 వేసవి సెలవుల్లో అద్దె సైకిలు మీద తొక్కడం నేర్చుకుంది. తిన్నగా పోగలదు, ఆపగలదు. ఎదురొచ్చినవాళ్ళకు ఒక చేత్తో నమస్కారం పెట్టడం మాత్రం ఇంకా పట్టుబడలేదు.

బళ్ళు తెరవడానికి పది రోజుల ముందు తండ్రీ కూతుళ్ళు వన్ టౌన్‌లో సైకిళ్ళ దుకాణానికి వెళ్ళారు.

“దీన్ని హైబ్రిడ్ అంటారు మేడం,” అన్నాడు యజమాని దుర్గాప్రసాద్, ఒక బూడిదరంగు సైకిలు ముందుకు లాగుతూ. “రేసు సైకిలంత సన్నం కాదు, కొండల సైకిలంత మోటు కాదు. తారు మీదా పోతుంది, కంకర మీదా పోతుంది.”

“హైబ్రిడ్ అంటే మిరప విత్తనమని విన్నాను,” అన్నాడు సూరయ్య. “మొదటి ఏడు విరగ్గాస్తుంది. రెండో ఏటికి మళ్ళీ కొనుక్కోవాల.”

“ఇది మొలకెత్తదులెండి బాబాయిగారూ. నూనె చుక్క వేసుకుంటుంటే పదేళ్ళు తిరుగుతుంది.”

సూరయ్య దాన్ని ఒంటిచేత్తో ఎత్తి, దించాడు. “ఎండుచేపల గంపంత లేదు. గట్టు మీద గాలి దీన్నీ మా అమ్మాయినీ కలిపి కాలవలోకి తోసేస్తది.” పక్కనున్న బరువైన నల్ల లేడీస్ సైకిలు సీటు మీద చరిచాడు. “ఇదీ సైకిలంటే.”

పద్మశ్రీ గేర్లెన్నని అడిగింది. ఇరవై ఒకటన్నాడు దుర్గాప్రసాద్.

“మా దారిలో ఎక్కాల్సిన ఎత్తు ఒక్క కాలువ వంతెనేనండీ. ఇరవై ఒకటీ ఎక్కడ వాడమంటారు?”

అతను నవ్వి, అదే రకంలో ఏడు గేర్లది తెచ్చాడు. దానికి అటొక కాలూ ఇటొక కాలూ వేసి నిలబడమన్నాడు. అడ్డ కడ్డీకీ ఆమెకీ మధ్య ఖాళీ లేదు. ఇంకొంచెం చిన్న ఫ్రేము తెప్పించాడు. నాలుగు వేళ్ళ ఖాళీ వచ్చింది. అదే ఆమె కొలత అన్నాడు.

“కొలత కుదిరింది. బరువు సంగతి తేలలేదు,” అంది పద్మశ్రీ. “మా నాన్నదీ మాటే, మీదీ మాటే. రెండూ తొక్కి చూస్తాను.”

“ఆదివారం రెండూ గుణదల పంపిస్తానండీ. సాయంత్రానికి ఒకటి తిరిగొచ్చెయ్యాలి. ఏదొచ్చినా నాకు బాధ లేదు.”

ఆదివారం పడమటి గాలి జోరుగా ఉంది. పద్మశ్రీ ఎంచుకున్నది అరకిలోమీటరు కంకర దారి. అక్కడ గట్టు ఉత్తరానికి తిరుగుతుంది కనక గాలి సరిగ్గా పక్కనుంచి కొడుతుంది. పైగా వంతెన మీద కూర్చున్నవాడికి దారంతా కనబడుతుంది. పోయి రావడం ఒక విడత. ఒక్కో సైకిలుకు మూడు విడతలు. అలసట ఒకదాని నెత్తినే పడకుండా ఒకటి మార్చి ఒకటి. గడియారం, పుస్తకం, పెన్సిలు సూరయ్య చేతిలో. ఎంతసేపు పట్టిందో, కాలు ఎన్నిసార్లు నేలకు ఆనిందో ఆయన రాయాలి.

రెండో విడతలో, అంటే హైబ్రిడ్ మొదటిసారి వెళ్ళినప్పుడు, ఒక గాలి విసురుకు బండి పక్కకు జరిగింది.

“చూశావా?” తిరిగి రాగానే అడిగాడు సూరయ్య.

“చూశాను. జానెడు జరిగింది. అదీ రాయి.”

ఆరు విడతలూ అయ్యేసరికి నల్ల సైకిలుకు సగటున ఏడు నిమిషాలు, మొత్తం తొమ్మిదిసార్లు కాలు ఆనింది. హైబ్రిడ్‌కు అయిదు నిమిషాలు, నాలుగుసార్లు. సూరయ్య లెక్క రెండుసార్లు చూసుకున్నాడు.

“తేలిక దానికి కాస్త ఇసుక వేస్తే ఆ నాలుగూ ఉండవు,” అన్నాడు.

“అడగాల్సిన ప్రశ్నే. కట్టు.”

ఆయన సంచిలో పది కిలోల ఇసుక నింపి, దోనెకు కట్టే ముడితో వెనక క్యారియరుకు బిగించాడు. పోయేటప్పుడు బండి తూలుతూ పోయింది. మలుపు తిప్పేచోట వెనక భాగం విసురుగా బయటికి లాగింది. పద్మశ్రీ సైకిలుతో సహా గడ్డిలో కూలబడింది.

సూరయ్య పరుగెత్తుకొచ్చాడు. “దెబ్బ తగిలిందా అమ్మా?”

“లేదు. పడ్డానని రాయి.”

ఆయన ముడి విప్పి సంచి చేత్తో ఎత్తి పట్టుకున్నాడు. కొంతసేపు సైకిలు చక్రాలకేసీ, సంచికేసీ చూశాడు.

“దోనెలో ఇసుక నీటి మట్టానికి కిందుంటుంది,” అన్నాడు చివరికి. “ఇక్కడ నెత్తిన మూటలాగ ఉంది.”

“పొద్దున నేనామాట అంటే ఒప్పుకునేవాడివా?”

“నువ్వనలేదుగా.”

సాయంత్రం నల్ల సైకిలు వన్ టౌన్‌కు తిరిగి వెళ్ళింది.

జూన్ పన్నెండు నుంచి ముప్పై వరకు బడి పనిదినాలు పదహారు. పద్మశ్రీ పదహారు రోజులూ హైబ్రిడ్ మీదనే వెళ్ళింది. ప్రార్థన గంట ఎనిమిదీ నలభై అయిదుకు. అన్నిటికంటే తొందరగా చేరినది ఎనిమిదీ ఇరవై రెండుకు. అన్నిటికంటే ఆలస్యం, వానరోజున, ఎనిమిదీ ముప్పై ఏడు. పడినది ఒకసారి, ఇరవై మూడో తారీఖున, గేదె అడ్డం వచ్చి. మూడో మెమో రాలేదు. పదో తరగతి లెక్కల పీరియడ్లు టైంటేబుల్లో ఆమె పేరు మీదనే ఉన్నాయి.