జంపఖానా మీద జానెడు జాగా

సుక్కమ్మ పొద్దున ఆరింటికల్లా పంచాయతీ ఆఫీసు తాళం తీసేది. వరండా ఊడ్చి, కుండలో నీళ్ళు నింపి, అందుకోసమే దాచుకున్న పాత లుంగీ ముక్కతో బల్ల తుడిచేది. కొంగుతో తుడవడమంటే ఆమెకు గిట్టదు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో ఉన్న బండమీదిపల్లికి పద్దెనిమిదేళ్ళలో సర్పంచులు మారారు గానీ, ఆఫీసులో చీపురు పట్టిన చెయ్యి మారలేదు.

గ్రామసభ రోజున ఆమెకు ఇంకో పని ఉండేది. జంపఖానా పరచాలి, జనం వచ్చాక దాన్ని కొలవాలి. ఎర్రచారల నూలు జంపఖానా అది. మనిషి లోపలికొస్తే జానెడు పెరిగేది, లేచిపోతే జానెడు తగ్గేది. ఆ జానెడు జాగాలోనే ఎంత లావుపాటి మనిషైనా బాసింపట్టు వేసుకుని హాయిగా కూర్చునేవాడు. కుర్చీ దిగని సర్పంచుకూ, బల్ల వదలని సెక్రటరీకీ కూడా అది మర్యాదగా జానెడేసి పెరిగేది. తలలు లెక్కబెట్టే బాధ ఆ ఊరికి లేదు. సుక్కమ్మ అంచు వెంట జానలు వేసుకుంటూ పోయి అంకె చెప్పేది, సెక్రటరీ అందులోంచి ఒకటి తీసేసి రిజిస్టరులో రాసుకునేవాడు.

ఆ ఒకటి ఎందుకు తీసేయాలంటే, అది జంపఖానా సొంత ఒళ్ళు అనేవారు. పొద్దున ఎవరూ రాకముందు సుక్కమ్మ పరిచినప్పుడే అది జానెడు ఉండేది కదా, దాన్ని మనుషుల్లో ఎలా కలుపుతారు? పాత సెక్రటరీలు చెప్పిన ఆ తీసివేతను ఇప్పటి సెక్రటరీ లక్ష్మణ్ కూడా భక్తిగా పాటించాడు. గుమ్మానికి ఆనుకుని నిలబడే సుక్కమ్మ కూడా తప్పదన్నట్టు తలూపేది. జీతం తీసుకునే మనిషి సభలో కూర్చోకూడదు, మాట్లాడకూడదు అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

రెండువేల మూడు అక్టోబరు గ్రామసభకు ఊళ్ళో కదలిక ఎక్కువగా ఉంది. ఒక్క నీళ్ళ పైపులైను మంజూరైంది. ట్యాంకు నుంచి పెద్దబాట మీదుగా కొత్త కాలనీకి వేయాలని కాగితం సిద్ధమైపోయింది. మురుగు పారే మోరీ అవతలి కింది వాడలో పన్నెండిళ్ళున్నాయి, వాటి ఊసు కాగితంలో లేదు. ఆ ఇళ్ళవాళ్ళు కరెంటు ఉన్నప్పుడు ద్రాక్షతోట బోరు దగ్గరికి పోయి నీళ్ళు తెచ్చుకుంటారు. సుక్కమ్మ ఇల్లు అక్కడే. పోయినేడు ఆమె కోడలు విజయమ్మ నీళ్ళబిందెతో గట్టు మీద జారిపడి కడుపు పోగొట్టుకుంది. ఇప్పుడు మళ్ళీ ఏడో నెల. పొద్దున కోడలి చేతిలోంచి బిందె గుంజుకుని, ఇవాళ్టికి నేను తెస్తా అని తెచ్చిపెట్టి మరీ పనికొచ్చింది సుక్కమ్మ. రేపటికి ఎవరు తెస్తారన్నది ఆమె గుండెలో ముల్లులా ఉంది.

కింది వాడ నుంచి అడిగేవాళ్ళు ఎవరూ రాలేదు. తోటల్లో కత్తిరింపుల కాలం. సభేమో పదకొండు గంటలకు. తెల్లారి కత్తెర పట్టుకుపోయినవాళ్ళు దీపాలవేళకు గానీ ఇల్లు చేరరు. ఏటా అంతే, ఏటా రిజిస్టరులో వాళ్ళు రాలేదని మాత్రం శుభ్రంగా ఉండేది.

తీర్మానం చెల్లాలంటే యాభైమంది ఉండాలి. సుక్కమ్మ కొలిచి యాభై అంది. లక్ష్మణ్ ఒకటి తీసేసి, నలభై తొమ్మిది, ఒక్కరు తక్కువయ్యారు అన్నాడు. సర్పంచ్ జనార్ధన్ మొహం ముడుచుకుని, రోడ్డు మీద ఎవరైనా దొరుకుతారేమో చూడమన్నాడు.

ముందు వరసలో హరిచందన కూర్చుంది. కాలనీలో ఇల్లు కట్టుకున్న లెక్కల టీచరు, గుడివాడ వైపు మనిషి. పైపు కోసం సెలవు పెట్టుకుని వచ్చింది. లెక్క తప్పితే ఆమెకు నిద్ర పట్టదు.

"ఎందుకండీ ఒకటి తీసేస్తున్నారు?" అంది.

లక్ష్మణ్ ఓపిగ్గా చెప్పాడు. ఆమె అంతా విని, జంపఖానా వైపు చూసి, గుమ్మం వైపు చూసి, సుక్కమ్మను కాసేపు వాకిట్లోకి వెళ్ళి రమ్మంది. సుక్కమ్మ గడప దాటింది. చివర జానెడు మడతపడి లోపలికి పోయింది. మళ్ళీ వచ్చింది. జానెడు బయటికొచ్చింది.

"అది జంపఖానా ఒళ్ళు కాదండీ," అంది హరిచందన. "ఈవిడ."

ఎవరూ ఆశ్చర్యపోలేదు, సిగ్గు మాత్రం కొందరికి కలిగింది. పద్దెనిమిదేళ్ళ నుంచీ జంపఖానా ఆ మనిషికి జాగా చూపిస్తూనే ఉంది, చదువుకున్నవాళ్ళు పద్ధతిగా చెరిపేస్తూ వచ్చారు. జనార్ధన్‌కు మాత్రం ప్రాణం లేచొచ్చింది. యాభై అయ్యారు, ఇగ రాయమన్నాడు.

సుక్కమ్మ చీర కుచ్చెళ్ళు సర్దుకుని వచ్చి ఆ చివరి జానెడు మీద కూర్చుంది. సర్పంచు వైపు తిరిగింది.

"పటేలా, నన్ను లెక్కల వట్టిన్రు గద, ఒక మాట జెప్తా. మోరీ అవతల పన్నెండిండ్లున్నయి. నా కోడలు కడుపుల బిడ్డను ఒకపారి నీళ్ళకే ఇడిసింది. మావోళ్ళంత తోటల కాడున్నరు. పొద్దుమూకినంక మీటింగు వెట్టున్రి, ఆళ్ళొచ్చి ఆళ్ళ మాట జెప్తరు. గప్పుడు మీ ఇష్టం."

జనార్ధన్ తటపటాయించాడు. కాగితం ఆల్రెడీ అయిపోయిందని గొణిగాడు.

"అయితె మంచిదే," అంది సుక్కమ్మ నెమ్మదిగా. "నాకు బయట ఊడ్సెటిది మస్తున్నది. పోయొస్త."

ఆమె పోతే నలభై తొమ్మిది. లెక్కల టీచరుకు నవ్వొచ్చింది. సాయంత్రానికి మార్చండి సర్పంచ్ గారూ, మేమూ వస్తాం అని ఆమే ముందుగా అంది. తన పైపు ఆలస్యమవుతుందని తెలిసీ అంది. ఆ మాటకు ఆమెను మెచ్చుకోవాలి.

మూడేళ్ళ తర్వాత సుక్కమ్మ ఆఫీసు కొలువు వదిలి వార్డు మెంబరుగా గెలిచింది, ఆ సంగతి ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు. నాకు మాత్రం ఆ సాయంత్రమే గొప్పగా తోస్తుంది.

దీపాలవేళ తోటల నుంచి జనం కత్తెరలు నడుముకు దోపుకునే వచ్చారు. జంపఖానా గది నిండి, గడప దాటి, మెట్లు దిగి, రోడ్డుకు అడ్డంగా పరుచుకుంది. శామీర్‌పేట బస్సు ఆగిపోయింది. డ్రైవరు దిగి చూస్తే ఆయనకూ జానెడు జాగా వచ్చింది, కాసేపు కూర్చున్నాడు. కొలిచే మనిషి సభలో కూర్చుంది కాబట్టి లక్ష్మణే వంగి జానలు వేసుకుంటూ రోడ్డు దాకా పోయి, నడుము పట్టుకుని వచ్చాడు.

మాటలు చాలా నడిచాయి. కత్తిరింపులకు పోయే ఓదెలు అనే కూలీ మోరీ పక్క నుంచి పైపు వేస్తే కాలనీకీ దగ్గరేనని నేల మీద గీసి చూపించాడు. హరిచందన ఆ గీతను కాగితం మీద కొలిచి నిజమేనంది. లైను ముందు కింది వాడకు, అక్కడి నుంచి కాలనీకి అని తేలింది.

లక్ష్మణ్ తీర్మానం రాసి, ప్రతిపాదించినవారు అన్న గీత దగ్గర పెన్ను ఆపాడు. జీతాల పుస్తకంలో ఎప్పుడూ సుక్కమ్మ, స్వీపర్ అనే ఉండేది.

"నీ ఇంటిపేరేంది సుక్కమ్మా?"

"ఎర్పుల," అంది ఆమె. ఆ ఆఫీసులో ఆ మాట అనడం అదే మొదటిసారి. లక్ష్మణ్ రాశాడు. ఒకపారి సదువు సారూ అని ఆమె అడిగితే, తలవంచుకుని చదివాడు.

"గట్టిగ సదువు లక్ష్మణ్," అన్నాడు జనార్ధన్, కుర్చీలోంచి లేచి నిలబడి. "రోడ్డు మీద గూసున్నోళ్ళకు ఇనబడాలె."