పగలు ఆర్పకూడని బల్బులు

పిసినారి మొగుడు ఉన్నట్టుండి చెయ్యి విప్పితే ఏ ఇల్లాలైనా సంతోషించాలి. జిప్పులావిడకు మాత్రం అనుమానం వచ్చింది.

జిప్పులావిడ అంటే ఆ వీధిలో అందరికీ తెలుసు. ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని, చిరిగిన స్కూలు సంచులకూ చక్రాల పెట్టెలకూ జిప్పులు మారుస్తుంది. ఆమె భర్త బట్టల ఫ్యాక్టరీ బస్సు డ్రైవరు. మధ్యాహ్నం పనివాళ్ళను తీసుకెళ్ళి, చీకటి పడ్డాక తిరిగి వాళ్ళ వీధుల్లో దింపుతాడు. సబ్బు అరిగి రేకయ్యాక ఆ రేకును కొత్త సబ్బుకు అతికించి వాడే రకం. అలాంటి మనిషి ఒకరోజు అట్టపెట్టె నిండా ఛార్జింగు బల్బులు కొనుక్కొచ్చాడు. కరెంటు ఉన్నంతసేపూ ఇవి మామూలు బల్బుల్లాగే వెలుగుతూ లోపల కాస్త ఛార్జింగు దాచుకుంటాయట, కరెంటు పోయాక దాంతో వెలుగుతాయట.

ముందుగదికి ఒకటి, వంటింటికి ఒకటి అంటే సరే. బాత్రూములో, పెరటి గుమ్మం మీద, చివరికి మెట్ల కింద కూడా బిగించాడు.

"మెట్ల కింద పాత డబ్బాలు తప్ప ఏమున్నాయండీ? చీకట్లో వాటికి భయమేస్తుందా?" అని అడిగింది.

"కరెంటు పోతే నువ్వు తడుముకుంటున్నావు కదా, అందుకని" అన్నాడు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె తడుముకుంటోందని అతనికి ఒక్కనాడూ దిగులు కలగలేదు. కొత్తగా పుట్టిన ఈ ప్రేమ ఆమెకు మింగుడు పడలేదు.

పైగా ఒక నియమం పెట్టాడు. పగలు కూడా ఆ బల్బుల స్విచ్చులు ఆర్పకూడదు, ఆర్పితే ఛార్జింగు ఎక్కదు. అక్కడే మొగుడూ పెళ్ళాల మధ్య చిక్కొచ్చి పడింది. గదిలోంచి బయటికొస్తూ లైటు ఆర్పకపోతే వీపు విమానం మోత మోగించే తల్లి పెంపకం ఆమెది. పట్టపగలు బల్బు వెలుగుతుంటే ఆమె చెయ్యి ఊరుకోదు. అందుకే అతను డ్యూటీకి వెళ్ళగానే అన్నీ టకటకా ఆర్పేసేది, వచ్చే వేళకు మళ్ళీ వేసేది. ఎవరికీ నష్టం లేని దొంగతనం అనుకుంది.

బల్బులతోనే ఆగితే బాగుండును. ఇంట్లో వస్తువులన్నీ ఉన్నచోటే ఉండాలని కొత్త పట్టు పట్టాడు.

"స్టూలు ఎవరు జరిపారు?"

"ఎవరో వచ్చారు, కూర్చున్నారు."

"ఎవరొచ్చారు?"

"సంచి బాగు చేయించుకునేవాళ్ళు. ఏం, మీ అనుమతి తీసుకుని రమ్మననా?"

అతను స్టూలును గోడవారకు తోశాడు. ఆమె గుండె భగ్గుమంది. తను లేనప్పుడు ఎవరొస్తున్నారో స్టూలును చూసి పసిగడుతున్నాడా? దొంగకు అందరూ దొంగల్లాగే కనిపిస్తారు కదా! తన మీద నిఘా పెట్టాడంటే అతని దగ్గరే ఏదో మతలబు ఉందని ఆమె తేల్చేసుకుంది.

ఆ నిప్పులో నూనె పోయడానికి అక్క ఉండనే ఉంది. అక్క అదే ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుడుతుంది, ఇంటికొచ్చేది మరిది బస్సులోనే, అదీ డ్రైవరు వెనక మొదటి సీట్లో. అక్కడి నుంచి ఆమె కంటికి చీమ కూడా తప్పించుకోలేదు.

"మీ ఆయన వాలకం బాలేదే. ముందు ఏ లారీ కనబడితే దాని తోక పట్టుకుని పోతాడు. అది నత్తనడక నడిచినా దాటడు. ఎందుకంటావు?"

"నువ్వే చెప్పు."

"టైము గడపడానికి. ఇంకోటి విను. మలుపు దగ్గర తెల్లగా సున్నం కొట్టిన గోడ ఒకటుంది చూడు, అక్కడికి రాగానే బస్సు దాదాపు ఆపేస్తాడు. మెడ చాచి ఆ గోడ వంకే చూస్తాడు. ఆ గోడ వెనక ఇల్లుంది. ఇంట్లో ఎవరుంటారో నాకు తెలీదమ్మా, లేనిపోనివి చెప్పడం నాకు చేతకాదు."

లేనిపోనివి చెప్పడం చేతకాని అక్క, పోతూ పోతూ ఇంకో మాట విసిరింది. "బస్సు షెడ్డులో పెట్టాక నడిచి రావడానికి ఎంతసేపు పడుతుందే? ఒకసారి లెక్కచూసుకో."

ఆ వారమే బాత్రూములో బల్బు మాయమైంది. ఇల్లంతా వెతికి, చివరికి అతని డ్యూటీ సంచిలో, తువ్వాలు మడతల్లో చుట్టి ఉండగా పట్టుకుంది. ఇంట్లో వెలగాల్సిన బల్బుకు సంచిలో ఏం పని? దీన్ని ఏ ఇంటికి మోసుకెళ్తున్నాడు? బల్బును మళ్ళీ ఆ మడతల్లోనే చుట్టి పెట్టేసింది. ఆ రాత్రి ఆమెకు అన్నం సయించలేదు. అతను మాత్రం రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

అడగదలచుకుంది. కానీ అడిగి, అతను అవునంటే? పుట్టింట్లో తలుపు తెరిచేవాళ్ళు లేరు, జిప్పుల మీద వచ్చేది ఒక కడుపుకే చాలదు. ఈ మనిషి పోతే ఇల్లు పోతుంది. అంతకంటే ముందు, ఈ మనిషి పోతాడు. సబ్బు రేకులు అతికించినా సరే, అతనంటే ఆమెకు ఇష్టం. ఆ ఇష్టమే ఆమె నోరు నొక్కింది.

అతనికి సెలవు దొరికిన రోజున నోరు తెరవాలని నిశ్చయించుకుంది. ముందురోజు పోయిన కరెంటు ఆ రోజు మధ్యాహ్నానికి గానీ రాలేదు, బల్బుల్లో ఉన్న కాస్త ఛార్జింగూ అయిపోయింది. అన్నం తిని అతను కునుకు తీయగానే ఆమె యథాప్రకారం స్విచ్చులన్నీ ఆర్పేసి, అతను లేచే ముందు మళ్ళీ వేసింది. అలవాటు కొంత, కసి కొంత. సాయంత్రం లేచి, రోజూలాగే ఒక్కో బల్బూ విప్పి, అడుగున ఉన్న రెండు చుక్కలకు అరచెయ్యి ఆనించి చూశాడు. లోపల ఛార్జింగుంటే అవి అలా చేతిలోనే వెలుగుతాయి; అన్నీ వెలిగాయి. వెలిగితే చాలనుకుని మళ్ళీ బిగించేశాడు. ఎంతసేపు వెలుగుతాయో అరచేతికి ఏం తెలుసు?

పొద్దుగూకుతుండగా కరెంటు పోయింది. బల్బులు ఒక్క క్షణం వెలిగి, నీరసించి, ఒకటి తర్వాత ఒకటి ఆరిపోయాయి.

కిటికీలోంచి ఇంకా బూడిదరంగు వెలుతురు వస్తోంది. మిషను చక్రం, గోడ గడియారం, పెరటి గుమ్మంలోంచి లోపలికొస్తున్న భర్త చొక్కా గుండీలు, అన్నీ ఆమెకు కనిపిస్తూనే ఉన్నాయి. ఇదే సమయం అనుకుని, సంచిలోంచి తీసి ఉంచిన బల్బును గాజు పట్టుకుని ఎత్తి, అతనికి ఎదురుగా నిలబడింది.

"ఎక్కడున్నావే?" అన్నాడు అతను.

ఎంత నటన! ఆమె పలకలేదు.

"నిన్నే. ఉన్నావా, బయటికెళ్ళావా?"

అతని చూపు ఆమె భుజం మీదుగా ఎటో పోతోంది. చెయ్యి గోడను వెతుక్కుంది. ముందు పాదం జరిపి, నేలను రాసి, తర్వాత అడుగు వేశాడు. మధ్యాహ్నం ఒకావిడ కూర్చుని వెళ్ళిన స్టూలు గది మధ్యలోనే ఉంది. దానికి తగిలి దభాలున పడ్డాడు.

ఆమె గబుక్కున ముందుకు వంగింది, కానీ పట్టుకోలేదు. ఎందుకో ఆగి, బల్బును అతని ముఖం ముందుకు చాచింది.

"నా చేతిలో ఏముందో చెప్పండి."

"లైటు రానీ, చెప్తా."

"మూరెడు దూరంలో ఉన్నాను. చెప్పండి."

అతను కళ్ళు చికిలించాడు.

"గిన్నెనా?" అన్నాడు మెల్లగా.

లారీ వెనక ఎర్రదీపాలు. చీకట్లో తెల్లగా కనబడే గోడ. కదలకూడని స్టూలు. షెడ్డు నుంచి ఇంటికొచ్చే చీకటి సందూ, సంచిలో బల్బూ. అన్నీ ఆమెకు ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఇంకో ఆడది ఉన్నా బాగుండేదనిపించింది. జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చేది, అక్కను సాయానికి పిలిచేది. దీన్ని ఎక్కడ పట్టుకోవాలి?

"రేచీకటట" అన్నాడు అతను, కిందే కూర్చుని మోకాలు రుద్దుకుంటూ. "తగ్గేది కాదన్నాడు డాక్టరు. పగలు బానే కనబడుతుందే. పొద్దుటి షిఫ్టులో ఖాళీ రాగానే మారిపోతా. అందాకా ఎలాగోలా..."

"అందాకా మా అక్క మీ వెనక సీట్లో కూర్చుంటుంది."

"ఇప్పటిదాకా ఎవరికీ గీత కూడా పడలేదు. ఎంత నెమ్మదిగా నడుపుతానో మీ అక్కనే అడుగు."

"స్టూలుకి తగిలి పడ్డారు. అది కదలదు, మెదలదు. రోడ్డు మీద మనుషులు కదులుతారండీ."

అతను తల వంచుకున్నాడు. "ఉద్యోగం పోతుందే."

"పోతుంది" అంది. పోదని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా.

"రేపు పొద్దున్నే సూపర్‌వైజరుకి చెప్తాను, ఒట్టు."

"పొద్దున మీకు అన్నీ కనిపిస్తాయి. అప్పుడు చెప్పరు. ఇప్పుడే పదండి."

బల్బు చుక్కల మీద అరచెయ్యి ఆనించింది. పగటి స్విచ్చుల గొడవ తెలియని ఆ ఒక్క బల్బూ ధగధగా వెలిగింది. అతను దాన్ని రోజూ ఎక్కడ ఛార్జింగు పెట్టేవాడో, షెడ్డులోనేమో, ఆమె అడగలేదు. సందులో ఆమె ముందు నడిచింది, అతను ఆమె భుజం మీద చెయ్యి వేసి వెనక నడిచాడు. దారి పొడుగునా ఆమెకు ఇంకా అనుమానమే, చివరి నిమిషంలో ఏదో సాకు చెప్పి తప్పించుకుంటాడని. షెడ్డు పక్క గదిలో గుడ్డి కొవ్వొత్తి పెట్టుకుని కూర్చున్న సూపర్‌వైజరు "ఏంటి, సెలవు రోజు జంటగా వచ్చారు?" అని నవ్వాడు.

"సార్, నాకు చీకట్లో కళ్ళు కనిపించవు" అన్నాడు అతను. బస్సు తాళాలు బల్ల మీద పెడదామని చెయ్యి చాచాడు, బల్ల అంచు దొరకలేదు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని బల్ల మీదికి చేర్చింది.

కొన్నాళ్ళకు అక్క వచ్చింది. వస్తూనే స్టూలు గది మధ్యకు లాక్కుని కూర్చుంది. లోపలి గదిలో డ్రైవరు పాత జిప్పుల మీద జారే రన్నర్లు విప్పి డబ్బాలో వేస్తున్నాడు. వేరే పని దొరికేదాకా అదే అతని పని.

"కొత్త డ్రైవరు గాలిలా తీసుకొస్తున్నాడనుకో" అంది అక్క, గొంతు తగ్గించి. "ఆ గోడ దగ్గర ఆగడే ఆగడు. అయితే నువ్వు పట్టుకున్నావన్నమాట. నేను చెప్పలా? ఎవరికోసమే ఉద్యోగం వదిలేశాడు?"

జిప్పులావిడ మిషను ఆపింది.

"నీకోసమే అక్కా."

అక్క పకపకా నవ్వింది. చెల్లెలు నవ్వలేదు. మొదటి నుంచీ చెప్పింది, లారీ సంగతి, గోడ సంగతి, గిన్నె సంగతి. వింటుంటే అక్క ముఖం పాలిపోయింది. ఇన్నాళ్ళూ ఆ మొదటి సీట్లో తను ఎవరి కళ్ళను నమ్ముకుని కూర్చుందో ఇప్పుడు తెలిసింది. వెళ్ళేముందు మరిదిని పలకరిద్దామని లోపలి గుమ్మం దాకా వెళ్ళి, ఏమనాలో తోచక వెనక్కి వచ్చింది.

వీధి గుమ్మం దాటబోయి, ఆగి, మళ్ళీ లోపలికొచ్చింది. గది మధ్యలో ఉన్న స్టూలును ఎత్తి, గోడవార దాని చోట్లో పెట్టి, అప్పుడు వెళ్ళింది.