మూడో కంటికి విభూతి

శ్రీనివాసులుకు ఒక జబ్బు ఉండాది. చేతికి దొరికిందల్లా తోమి తళతళలాడించాల. హిందూపురంలో గుడ్డలంగడి పెట్టుకున్నాడు గానీ, ఆయప్ప ఇత్తడి సామాన్ల అంగట్లో పుట్టాల్సిన మనిషని పెండ్లాం పూర్ణిమ ఎప్పుడూ ఎగతాళి చేస్తాది.

ఆ పొద్దు పెనుకొండ నుంచి మామ ఆంజనప్ప పదిగంటల బస్సుకు వస్తాండాడు. పోయిన నెలే ధర్మవరంలో కంటిపొర తీయించుకున్నాడు. "పెండ్లప్పుడు నీకిచ్చిన రీలు కెమెరా తీసిపెట్టప్పా, కొత్త కంటితో మా పాప ఫోటో తీస్తా" అని ఫోన్లో ఒకటే సంబరం. బీరువాలోంచి తీసి చూస్తే ఏముండాది, లెన్సు నిండా బూజు! ముప్పై ఏండ్లు పట్టించుకోలేదని తెలిస్తే తల యాడ పెట్టుకోవాల?

గుడ్డతో తుడిచినాడు, పోలా. అప్పుడు పనిచేసింది పాపం ఆయప్ప బుర్ర. వెండి కుందులకు ఏం పెట్టి తోముతారు? విభూతి! చిటికెడు తీసుకోని గిరగిరా తోమినాడు చూడు, బూజుతో పాటు అద్దం మింది పూత గూడా లేచిపాయ. మిగిలింది గీతలే.

పూర్ణిమ వచ్చి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకునింది. "శివశివా! మూడో కన్ననుకుంటివా, విభూతి పెడితివి? ఉండు, హారతి గూడా తెస్తా."

"నవ్వద్దే! మీ నాయనకేం చెప్పాల?"

"పూజ చేసింది నువ్వు. ప్రసాదం గూడా నువ్వే తిను."

ఆంజనప్ప వచ్చీ రాంగానే, కాఫీ గూడా తాగకుండా కెమెరా అందుకున్నాడు. తాను తెచ్చుకున్న రీలు ఎక్కించి, కూతుర్ని వాకిట్లో నిలబెట్టి కన్ను ఆనించినాడు. లెన్సు ఇటు తిప్పె, అటు తిప్పె. మొగం వాడిపాయ.

"అంతా మంచు పట్టినట్లుండాదమ్మా. నా కన్ను బాగు కాలేదు" అన్నాడు.

శ్రీనివాసులు లోపలే లెక్కేసినాడు. నోరు మూసుకుంటే చాలు, తప్పంతా ఆ కంటి మిందికే పోతాది. పూర్ణిమ మొగుని దిక్కే చూస్తాండాది, ఈసారి నవ్వడంలేదు. ముసలాయన ఆ కన్నే మళ్లీ మళ్లీ తుడుచుకుంటాంటే ఇంక తట్టుకోలేకపాయ.

"మామా, నీ కన్ను బాగుండాది. లెన్సే బాగలేదు. బూజు పట్టించిందీ నేనే, విభూతి పెట్టి తోమి గీతలు పెట్టిందీ నేనే."

ఆంజనప్ప కెమెరా దించి, వట్టి కంటితో అల్లుణ్ని పైనుంచి కిందికి చూసినాడు.

"పాపా, నువ్వు ఇట్ల రా. ఏమప్పా, నువ్వు పోయి ఆడ నిలబడు."

"మసగ్గా వస్తాది మామా."

"రానీలే. నాకు మాత్రం ఈ పొద్దు బాగ కనపడినావు."