నేల ఉసిరి భరోసా

కొడుకు రఘుపతిని బుచ్చవ్వ రోజూ పొద్దున్నే వాకిట్లోకి లాగి, కంటి రెప్ప కిందికి గుంజి చూసేది. బతకవచ్చిన పల్సానా ఊళ్లో మగ్గం నడిపి వచ్చాక, పోట్లీలనే ప్లాస్టిక్ సంచుల్లో అమ్మే దొంగసారా తాగందే వాడు అన్నం ముట్టడు. లివర్ పాడై చచ్చిపోయినవాళ్లను ఆ గల్లీలోనే చూసిందామె. ఏనాటికైనా తన కొడుకు వంతు వస్తుందని ఆమె భయం.

కూతురు సంతోషి కామ్‌రేజ్ దగ్గర ఫార్మసీ చదువుతోంది. ఒకనాడు అన్నం తింటూ, కాలేజీ ల్యాబ్‌లో ఎలుకలకు ముందు నేల ఉసిరి సారం పోసి, తర్వాత లివర్‌ను పాడుచేసే మందు ఇచ్చామనీ, సారం తాగినవాటి లివర్ తక్కువ చెడిందనీ చెప్పింది.

రఘుపతికి అంతే చాలింది. కాలువ గట్టున నేల ఉసిరి పీక్కొచ్చి, రోట్లో దంచి, గ్లాసెడు రసం తాగి మరీ సారాకు బయలుదేరసాగాడు. దోస్తులకు కూడా పోశాడు.

"ముందుగాల రసం, ఎనుక సారా. లివర్‌కు ఢోకా లేదే అవ్వా!"

"వచ్చిండు డాక్టర్‌సాబ్! ఏడో తరగతి గట్టెక్కలేదు గానీ ఎలుకల చదువు మాత్రం వంటబట్టింది. ఎలుకకు విషం పట్టుకొని పోస్తె తాగింది. నువ్వు పైసలిచ్చి కొనుక్కొని తాగుతున్నవ్. నీకన్న అదే నయం."

ఒక పొద్దున రెప్ప కింద పసుపు కనబడింది.

"రసం జర తక్కువైంది," అంటూ రఘుపతి రోలు ముందు కూర్చున్నాడు.

"సంతోషీ! గా రసం తాగిన ఎలుకలు ఇప్పుడెట్లున్నయే?" బుచ్చవ్వ ఇంట్లోకి కేకేసింది.

సంతోషి జడ అల్లుకుంటూ గడపలోకి వచ్చింది. "ఇంకెక్కడివవ్వా? అన్నిటినీ కోసినం. కొయ్యకుంటె లివర్ ఎట్లున్నదో ఎట్ల తెలుస్తది?"

"రసం తాగినయి సుత?"

"అవి సుత."

రోకలి ఆగిపోయింది. "గీ ముచ్చట ముందే చెప్పద్దా చెల్లె?"

"నువ్వు మొత్తం ఇన్నవా అన్నా? రసం మాట చెవుల వడంగనే లేచి ఉరికితివి."

బుచ్చవ్వ రోట్లో ఆకును మోరీలో పారబోసి, చెప్పులు వాడి ముందు విసిరింది. "లే, దవాఖానకు నడు. ఇయ్యాల నెత్తురు తీసి చూస్తరు. ఇంకా ఆగినవంటె ఎలుక లెక్క కోసి చూడాలె."

రఘుపతి చెప్పులు తొడుక్కొని ఆమెతో ఆటో ఎక్కాడు. గల్లీ మలుపులో వాడి దోస్తు ఆగయ్య ఖాళీ గ్లాసుతో ఎదురొచ్చాడు. "అవ్వా, ఇయ్యాల రసం దంచలేదా?"

బుచ్చవ్వ ఆటో ఆపించి, వాడి రెప్ప కూడా కిందికి గుంజి చూసింది.

"జరుగురా," అంది కొడుకుతో. "ఇంకో ఎలుకను ఎక్కించాలె."