కండక్టర్ నాగేంద్ర వెనక వరుస

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు మీదుగా పులివెందులకు పోయే తొలి బస్సులో కండక్టర్ నాగేంద్ర ఎక్కితే, అతని వెనకే వాసనలూ ఎక్కేవి. తొమ్మిదేళ్లప్పుడు పొట్టేలు కుమ్మి ముక్కులో దూలం వంకరపోయింది. అప్పటినుంచి ముక్కుదాకా వచ్చిన వాసన లోపలికి పోలేక, తిరిగి వెళ్లలేక, వచ్చిన క్రమంలోనే అతని వెనక నిలబడిపోయేది. ముద్దనూరు దగ్గర ఎండిన బీళ్ల మధ్య ఉన్నట్టుండి తడిమట్టి గుమ్మంటే, అది నాగేంద్ర చిన్ననాటి వాన అని ప్రయాణికులకు తెలుసు.

"నాగేంద్రప్పా, ఈ మల్లెపూలు ఎవరియి?" అనేది గాజుల మలారంతో ఎక్కే బీబీజాన్.

"నా పెండ్లియి. రొంత జరుగు."

"వీటన్నిటికీ టికెట్ కొట్టినావా?"

"నిలబడే వస్తాండాయి గదా, నీకేం అడ్డం?"

నవ్వుతూ తిరిగే నాగేంద్రకు మూడు నెలల కిందట కూతురు పుట్టింది. భార్య రజని పాప మాడు మీద ముక్కు పెట్టి, "అబ్బ! ఏం వాసన మామా!" అనేది. అతనూ ముక్కు పెట్టేవాడు. ఏమీ తెలిసేది కాదు.

"ఆ వాసన ఏడాది దాటితే ఉండదు," అంది రజని ఒకనాడు.

మరునాడే నాగేంద్ర ముక్కు ఆపరేషన్‌కు సెలవు పెట్టాడు. ప్రతి స్టాపులో అందరికీ చెప్పాడు. ఒకే దిగులు మిగిలింది. ముక్కు తెరుచుకున్నా, ఇరవై ఏడేళ్ల వరుస ముందుంది. పాప వాసన వంతు వచ్చేసరికి పాప బడికి పోతాది.

ఇక్కడ ఉగ్గాని గురించి ఒక మాట చెప్పాలి. తడిపిన బొరుగులు తిరగమాతలో వేసి, పుట్నాలపొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెడతారు. పొద్దున్నే దాన్ని కాదనడం ఈ వైపు మనుషులకు చేతకాదు. ఏళ్లతరబడి అది తిని, తిన్నవెంటనే బస్సెక్కి, నాగేంద్ర పులిత్రేన్పులు తెచ్చుకున్నాడు. పడుకుంటే పొట్టలోని పులుపు గొంతుదాకా ఎగదన్నేది.

అందుకే ప్రొద్దుటూరు ఆసుపత్రిలో మత్తు డాక్టరు మైత్రేయి గట్టిగా చెప్పింది. "రేపు పొద్దున ఏమీ తినకూడదు. నర్సు ఇచ్చే మాత్ర తప్ప. మత్తులో పొట్టలోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. మీకు ఆ భయం మామూలు కంటే ఎక్కువ."

ఆ మాట తల్లి రామసుబ్బమ్మ కూడా విన్నది. కానీ ఆమె లెక్క వేరు. వట్టి కడుపైతే కొడుక్కి మంట రేగుతుందని ఆమెకు తెలుసు. తెల్లవారగానే స్టీలు గిన్నె తెచ్చింది.

"నాలుగు ముద్దలు తిను నాయనా. మంట లేనోళ్లకు చెప్పిన మాట అది."

నాగేంద్ర తిన్నాడు.

ఆపరేషన్ బల్ల మీద మైత్రేయి అడిగింది. "ఏమైనా తిన్నారా?"

"లేదు మేడం."

ఆమె సూది పక్కన పెట్టి, కేస్ షీట్ చూసినట్టే వరుస వెంట నడిచింది. ఆనాటి పొట్టేలు ఉన్ని, వాన, మల్లెలు, డీజిలు, పాప... చివర ఆగింది.

"ఉగ్గాని."

"పాతది మేడం. శానా ఉంటాయి."

"పాతదైతే నిన్న చేరిన మా ఫినాయిల్ వెనక ఎందుకు నిలబడింది? ఇంకా వేడిగా ఉందే!"

నాగేంద్ర కళ్లు మూసుకున్నాడు. "అమ్మ పెట్టింది."

మైత్రేయి చెమట తుడుచుకుని, బల్ల ఖాళీ చేయించింది. బయట రామసుబ్బమ్మ లబలబలాడింది. "నా చేతులారా చంపుకుంటాంటినే!"

"చంపుకోలేదమ్మా. రేపు చేస్తాం. ఈసారి గిన్నె నాకివ్వండి."

మరునాడు నిజంగానే వట్టి కడుపుతో ఆపరేషన్ జరిగింది. ఆపై రెండోనాడు ముక్కులోని పట్టీలు తీసేటప్పుడు అందరూ మంచం చుట్టూ చేరారు. రజని పాపను ఎత్తుకుని నిలబడింది. రెండో పట్టీ రాగానే వాసనల వరుసలో తోపులాట మొదలైంది. ఉన్ని వాసన ముక్కు వాకిలి దాకా వచ్చింది. దాని వెనక వాన, దాని వెనక మిగతావి.

అంతలో ఉన్ని ఆగింది. పక్కకు ఒత్తిగిల్లింది. చంటిబిడ్డతో తల్లి బస్సెక్కితే జనం తప్పుకున్నట్టు, వానా తప్పుకుంది. మల్లెలూ, డీజిలూ గోడకు చేరాయి. నడుమ సన్నటి దారి పడింది. అన్నిటికంటే చిన్నది ఆ దారిన ముందుకొచ్చింది.

నాగేంద్ర ఊపిరి పీల్చాడు.

"ఇక వదలండి," అంది మైత్రేయి.

అతను వదల్లేదు.